అద్దాల తొట్టిలో నా సవతులు

మొన్న కళ్ళు చూపించుకుందామని మా అమ్మాయిని వెంటబెట్టుకుని జగిత్యాల పోయాను. డాక్టరమ్మ చుక్కల మందు వేసి, లైటు పెట్టి చూసి, పొర ఇంకా ముదరలేదు, ఇప్పుడే తొందరేం లేదని పంపించింది. మందు ప్రభావం దిగేదాకా లోకమంతా పాలు ఒలికినట్టు తెల్లగా కనిపిస్తుంటే, అమ్మాయి చేయి పట్టుకుని బస్టాండు వైపు నడుస్తున్నాను. ఒకప్పుడు స్టీలు సామాన్ల దుకాణం ఉండిన చోట కొత్తగా చేపల దుకాణం ఒకటి పెట్టారు. నాకు బోర్డు మీద అక్షరాలు కనిపించలేదు, గాజు తొట్టెల అంచులు కనిపించలేదు, కాని లోపల పసుపుపచ్చగా ఏదో, నీలంగా ఏదో ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ పోవడం మాత్రం కనిపించింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

దుకాణం ముందు కొత్తగా పెళ్ళయిన జంటలాగా ఇద్దరున్నారు. అబ్బాయి వంగి, ముక్కు అద్దానికి ఆనించి, దుకాణమతణ్ణి ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నాడు. అమ్మాయి బట్టల సంచి పట్టుకుని కొంచెం ఎడంగా నిలబడి ఉంది. ఆ మసక కళ్ళకు ఆమె ముఖం సరిగ్గా ఆనలేదు కాని, నిలబడిన తీరు చాలు నాకు. ఒకప్పుడు మా ఇంట్లో, మా ముందుగది గుమ్మంలో, నేనూ అచ్చం అట్లాగే నిలబడి మా ఆయన వీపు వైపు చూసేదాన్ని.

మా అమ్మాయి “బస్సు పోతదే అమ్మా” అని చేయి లాగింది. తరువాత అటు చూసి, “అయ్యో, గివి మన ఇంట్ల ఉండెడియే గద” అని తనూ నిలబడిపోయింది.

నా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. తెల్లవారింది మొదలు వాటి చప్పుడులోనే పెరిగాను. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే గొంతు పెంచక తప్పదు కనుక మా పుట్టింటివాళ్ళం అందరమూ గట్టిగా మాట్లాడతాము, గట్టిగా నడుస్తాము, గిన్నె దించినా నలుగురికీ తెలిసేట్టు దించుతాము. కోరుట్లలో ఇచ్చారు నన్ను. అత్తవారింట్లో మగ్గం అప్పటికే మూలకు పడింది, ఇంటికొక మగవాడు గల్ఫులో ఉన్నాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన కూడా షార్జా పోయి, అక్కడొక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలలు సెలవు. మీలో గల్ఫు ఇళ్ళ ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ రెండు నెలలు ఎట్లా గడుస్తాయో నేను చెప్పనక్కర లేదు. మొదటి వారం చుట్టాలు, రెండో వారం పెళ్ళిళ్ళు, తరువాత పిల్లల జ్వరాలు, అత్తగారి మోకాళ్ళు. ఇద్దరమూ కూర్చుని మాట్లాడుకుందామని అనుకునేసరికి తిరుగు ప్రయాణం సామాను సర్దే వేళ అయ్యేది. ఫోన్లు వచ్చాక శుక్రవారం శుక్రవారం ఆయన చేసేవాడు, మంచిగున్నరా, పిల్లలు బడికి పోతున్నరా, అమ్మకు మందులు తెచ్చిన్రా, అంతలోనే కార్డు అయిపోయేది. ఏదో ఒకనాటికి తిరిగి వచ్చేస్తాడు కదా, అప్పుడు అన్నీ మాట్లాడుకోవచ్చునని నేను మాటలన్నీ దాచుకుంటూ వచ్చాను.

పదేళ్ళు దాటాక ఆయన నిజంగానే వచ్చేశాడు. అందరి ఇళ్ళకూ గల్ఫు నుంచి వచ్చే పెట్టెల్లో దుప్పట్లు, సెంటు సీసాలు, టేపురికార్డర్లు ఉంటాయి. మా ఆయన పెట్టె విప్పితే నీళ్ళు వడగట్టే మోటారు, సన్నటి రబ్బరు గొట్టాలు, నీటి వేడి చూసే గాజుపుల్ల, ఏవో గుళికల డబ్బాలు బయటపడ్డాయి. ఆయన పని చేసిన ఇంట్లో పెద్ద అద్దాల తొట్టి ఉండేదట, దాని బాగోగులు డ్రైవరుగారే చూసేవారట. ఆఫ్రికాలో మలావి అనే సరస్సు ఉంది, అందులోని చేపలట అవి, సిక్లిడ్లు అంటారట. పేరు నాకు నోరు తిరగడానికే చాలా రోజులు పట్టింది.

మా ముందుగదిలో కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే చోట నా కుట్టుమిషను ఉండేది. వీధిలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు నేనే కుట్టేదాన్ని. ఒకనాడు బజారుకు పోయి వచ్చేసరికి మిషను వెనుక వరండాలోకి చేరింది, దాని జాగాలో ఇనుప స్టాండు, దాని మీద మనిషి పొడుగు గాజు తొట్టి. అడిగితే, వరండాలో గాలి మంచిగొస్తది, నీకే సుఖం అన్నాడు. అప్పుడు మొదలైంది నా కడుపుమంట.

రాళ్ళ కోసం మెట్‌పల్లి అవతల ఇబ్రహీంపట్నం దగ్గర మా ఆడబిడ్డ వాళ్ళ చేను దాకా పోయి, పసుపు తోట గట్ల మీది బండలు ఆటోలో వేసుకొచ్చాడు. వాటిని నా పెద్ద బగోనలో వేడినీళ్ళతో కడిగి, ఇల్లు కట్టే మేస్త్రీలాగా వెనక్కి జరిగి జరిగి చూసుకుంటూ గుహలు గుహలుగా పేర్చాడు. తరువాత చేపలు లేకుండానే ఆ తొట్టి వారాల తరబడి నడిచింది. ఉత్త నీళ్ళకు మోటారెందుకని మా అత్తగారు అడిగితే, నీళ్ళు ముదరాలె, చేపల మలినాన్ని తినేసే మంచి పురుగులు ముందు పుట్టాలె, లేకుంటే వాటి విషం వాటికే ఎక్కుతదని చెప్పాడు. మా బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, గిన్నెలకు తెల్లగా గార కడుతుంది, తలకు పోసుకుంటే జుట్టు తాళ్ళలాగా అవుతుంది. ఆ నీళ్ళతో ఇన్నేళ్ళు నేను పడిన పాట్లు ఆయనకు పట్టలేదు కాని, మలావి చేపలకు అట్లాంటి సున్నపు నీళ్ళే కావాలని తెలిశాక మా బోరును మెచ్చుకుంటూ వాడంతా తిరిగాడు.

చివరికి హైదరాబాదు పోయి, ప్లాస్టిక్ సంచుల్లో గాలి నింపించి చేపలను పట్టుకొచ్చాడు. కొన్ని పసుపుపచ్చవి, కొన్ని నీలం చారలవి. అబద్ధమెందుకు, అందంగానే ఉన్నాయి, అదే నా బాధ. అన్నింటిలోకి పెద్దది ఒక నీలం మగచేప. దానికి ఆయన అర్బాబ్ అని పేరు పెట్టాడు. షార్జాలో యజమానిని అట్లా పిలుస్తారట. పేరుకు తగ్గట్టే అది మధ్య గుహను పట్టుకుని, దగ్గరికి వచ్చినదాన్నల్లా తరిమి తరిమి తోకలు కొరికేది. ఇంత కొట్లాటలో ఇన్నింటిని ఎందుకు కుక్కావని నేనొకసారి అడిగాను.

“రెండే ఉంటే ఒకటి ఇంకోదాన్ని సచ్చేదాక కొడ్తది,” అన్నాడు. “మస్తుగుంటే ఎవర్ని కొట్టాల్నో దానికే సమజ్ గాదు. దెబ్బలు అందరికి పంచుకపోతయి.”

అంత శ్రద్ధగా నాతో ఆయన అంతకుముందు ఏ సంగతీ చెప్పలేదు. చేపల లెక్క ఏమో గాని, ఆ ఇంట్లో దెబ్బ పంచుకోవడానికి నా పక్కన ఇంకెవ్వరూ లేరు.

సాయంత్రం కాగానే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తొట్టి ముందు కూర్చునేవాడు. అన్నం చల్లారిపోయేది. ఏ చేప రెక్క చిరిగింది, ఏది మేత తినకుండా మూలకు నక్కింది, ఏ ఆడచేప పొట్ట నిండింది, అన్నీ ఆయనకు తెలుసు. నేను జ్వరంతో రెండు రోజులు గొంతు మూగబోయి తిరిగితే, ఇల్లు సప్పుడు లేకుంట బాగున్నదనుకున్నాడట. ఒకనాడు మా అమ్మ సిరిసిల్ల నుంచి పంపిన కొత్త చీర కట్టుకుని, జాకెట్టు నేనే కుట్టుకుని, పెళ్ళికి పోవడానికి తయారై ముందుగదిలోకి వచ్చాను. ఆయన తల తిప్పనే లేదు.

“జర మెల్లగ నడువు,” అన్నాడు. “అవి బెదురుతున్నయి.”

నేను ఆ ఇంట్లో నడుస్తున్నది అప్పటికి ఎన్నేళ్ళు. నా అడుగుల చప్పుడు లేని రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది లేదు. నిన్న గాక మొన్న సంచిలో వచ్చినవాటి కోసం నేను మునివేళ్ళ మీద నడవాలట. పెళ్ళికి పోలేదు. మరునాడే పిల్లలిద్దరినీ తీసుకుని, వేములవాడ మీదుగా బస్సులు మారి, సిరిసిల్లలో దిగాను.

మా అమ్మ సంగతంతా విని, చేతిలోని పని ఆపి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“సవతి మీద ఏడ్సినోళ్ళను చూసిన గని, చేపల మీద ఏడ్సేదాన్ని నిన్నే చూస్తున్న బిడ్డా,” అన్నది. “మీ నాయిన దినమంత సాంచ మొకమే చూస్తడు. నేనెన్నడన్న అలిగిన్నా?”

నాన్న సాంచ వైపు చూస్తాడు కాని సాంచతో నవ్వుతూ మాట్లాడడు కదా అని నా మనసులో ఉంది. ఎట్లా చెప్పడం. సవతి అయితే నలుగురిలో పంచాయితీ పెట్టవచ్చు, జుట్టు పట్టుకోవచ్చు, కనీసం నలుగురూ జాలిపడతారు. నా అసూయకు ఆ గౌరవం కూడా లేదు.

ఆయన ఫోను కొన్ని రోజులకు వచ్చింది. పక్కింటివాళ్ళ ఫోను, వాళ్ళ పిల్ల వచ్చి పిలిస్తే పరుగెత్తాను. రమ్మంటాడేమో, రానని ఎట్లా అనాలో దారిలోనే కూర్చుకున్నాను కూడా.

“ఒక పసుపుది నోట్ల గుడ్లు వెట్టుకున్నది,” అన్నాడు.

“నోట్లనా? మింగదా?”

“మింగది. మూడు వారాలు గట్లనే ఉంటది. పిల్లలయి బయటికచ్చేదాక ఏం ముట్టది. మేత ఏస్తే మూతి పక్కకు తిప్పుకుంటున్నది.”

“గన్ని దినాలు తినకుంట ఎట్లుంటది?”

“ఉంటది,” అన్నాడు. “ఎట్లనో ఉంటది.”

ఆ తరువాత అర్బాబ్ ఆ తల్లిని ఎట్లా తరుముతున్నాడో, దాన్ని వలతో పట్టి చిన్న తొట్టిలోకి మార్చడానికి ఎంత తిప్పలు పడ్డాడో, చేయి ఎక్కడ గీరుకుందో చెబుతూనే ఉన్నాడు. నేను “ఆ” అంటున్నాను, “తరువాత?” అంటున్నాను. పక్కింటామె వంట చేసుకుంటూ ఓరకంట చూస్తున్నది. ఫోను పెట్టేశాక తట్టింది నాకు, పెళ్ళయిన నాటి నుంచి ఆయన నాతో అంత సేపు మాట్లాడిన ఫోను అదే. నన్ను రమ్మని ఒక్క మాట అనలేదు. అయినా రెండో రోజు బస్సెక్కాను. ఆ తల్లి చేప నోట్లోంచి పిల్లలు ఎట్లా వస్తాయో చూడాలనిపించిందని మా అమ్మకు చెబితే ఇంకోసారి నవ్వింది.

కోరుట్ల, మెట్‌పల్లి మధ్య ఆయన ఆటో నడిపితే వచ్చేది ఇంటికి సరిపోలేదు. పిల్లలు పెద్ద చదువులకు వచ్చారు. పాత యజమాని మళ్ళీ రమ్మని కబురు పెట్టాడు, మా ఆయన మళ్ళీ పోక తప్పలేదు. ఎయిర్‌పోర్టు పోయే జీపు గుమ్మం ముందు ఆగి ఉంటే ఆయన తొట్టి దగ్గర నిలబడి నాకు పాఠం చెప్పాడు. వారానికొకసారి పావు వంతు నీళ్ళే మార్చాలి, మొత్తం మార్చవద్దు. మోటారులోని దూదిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి, సబ్బు తగలనీయవద్దు. మేత తక్కువ వేసినా ఫరవాలేదు, ఎక్కువ వేస్తే చస్తాయి. అత్తగారి గురించి, పిల్లల గురించి పైలం, అంటే జాగ్రత్త, అన్న ఒక్క మాటతో సరిపెట్టాడు. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి లోపలికి వచ్చాను. తొట్టిలో చేపలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఎవరికైనా ఇచ్చెయ్యి, పీడ వదులుతుందని మా తోడికోడలు అన్నది. ఇచ్చేద్దామనే అనుకున్నాను. అయితే శుక్రవారం ఫోను వచ్చినప్పుడు ఆయన అడుగుతాడు, నేనేం చెప్పాలి?

అట్లా నేను వాటి పనిలో పడ్డాను. ఇష్టంతో కాదు, పట్టుదలతో. ఆయన చూసుకున్నదాని కంటే ఒక పిసరు ఎక్కువగా చూసుకోవాలని నా పంతం. గుళికలు అయిపోతే పాలకూర ఉడకబెట్టి, బఠానీలు పొట్టు తీసి చిదిమి వేసేదాన్ని. అవి రాతి మీది పాచి తినే జాతివి కనుక ఆకుకూర వాటికి బాగా వంటబట్టింది. ఆ ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. మోటారు ఆగిపోతే చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచేవి. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ, అద్దాల మీద తడిబట్ట కప్పుతూ మధ్యాహ్నాలన్నీ గడిపాను. నీళ్ళు వేడెక్కినకొద్దీ అర్బాబ్‌కు పొగరు ఎక్కేది. ఒక వారంలో రెండు చేపలను చంపేశాడు, మూడోదాన్ని మూలకు తోసి కన్ను పొడిచాడు.

శుక్రవారం ఆయనకు ఆ సంగతంతా గబగబా చెప్పేశాను. ఆయన మాత్రం నిదానంగా చెప్పాడు.

“రాళ్ళు మొత్తం తీసి మళ్ళ కొత్తగ పేర్చు. వాని జాగ ఏదో వానికి గుర్తు పట్టరాకుంట జెయ్యి. అర్బాబ్ గిరి దానంతటదే దిగుతది.”

చీర పైకి దోపి, మోచేతుల దాకా తొట్టిలో పెట్టి బండలన్నీ తీశాను. మధ్య గుహ లేకుండా, రెండు వైపులా చిన్నచిన్న సందులు వచ్చేట్టు నాకు తోచినట్టు పేర్చాను. అర్బాబ్ తన ఇల్లు వెతుక్కుంటూ, ఎవరిని తరమాలో తెలియక, కొత్త కోడలిలాగా తొట్టి అంతా తిరిగాడు. మిగతా చేపలు మొదటిసారి నడుమకు వచ్చి ఈదాయి. చేతులు తుడుచుకుంటూ అది చూస్తుంటే నాకు ఇంకొకటి కూడా తోచింది. అదే మధ్యాహ్నం మా అబ్బాయి చేత పట్టించి కుట్టుమిషనును ముందుగదిలోకి తెప్పించి, తొట్టి పక్కనే కిటికీ దగ్గర వేసుకున్నాను.

ఆయన షార్జాలో ఉన్న ఆ రెండేళ్ళూ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు ఇచ్చి పోకుండా చేపలు చూస్తూ కూర్చునేవారు. మిషను చప్పుడుకు చేపలు బెదరలేదు, నా అడుగులకూ బెదరలేదు. పైగా నేను గదిలోకి వస్తే చాలు, అన్నీ ఒక్కసారే అద్దం దగ్గరికి ఎగబడి, నేను ఎటు పోతే అటు తిరిగేవి. అర్బాబ్ అయితే నా వేలి వెంట అటూ ఇటూ ఈదేవాడు. ఫోనులో ఆ ముచ్చట చెబితే మా ఆయన నవ్వాడు, వెంటనే కార్డు అయిపోయిందని పెట్టేశాడు. కార్డు ఇంకా ఉందని నాకు తెలుసు.

ఆయన ఆఖరుసారి వచ్చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. గుమ్మంలో కాళ్ళు కడుక్కుని, తల్లికి దండం పెట్టి, పిల్లలను దగ్గరికి తీసుకుని, ఇక నేరుగా తొట్టి దగ్గరికే నడిచాడు. చేపలన్నీ ఒక్క క్షణంలో రాళ్ళ సందుల్లోకి దూరిపోయాయి. ఆయన వంగి, వేలితో అద్దం మీద మెల్లగా తట్టి, పిలిచాడు. ఒక్కటీ రాలేదు. నేను మంచినీళ్ళ చెంబుతో గదిలోకి రాగానే అన్నీ బిలబిలమంటూ బయటికి వచ్చి నా వైపు అద్దానికి అంటుకున్నాయి.

“ఏం వెడ్తున్నవు వీటికి?” అన్నాడు, నా వైపు చూడకుండా.

“పాలకూర.”

“పాలకూరకే గింత ప్రేమనా?”

నా కడుపులో ఎంత చల్లబడిందో చెప్పలేను. ఇన్నేళ్ళు నేను మింగినది ఇప్పుడు ఆయన మింగుతున్నాడు కదా అనుకున్నాను. ఆయన తెల్లవారగానే నాకంటే ముందు లేచి మేత వేసేవాడు. షార్జా నుంచి తెచ్చిన కొత్త డబ్బాలోని రొయ్యల గుళికలు, అవి చాలవన్నట్టు కైమా కూడా. నేను వచ్చేలోపు ఇంకోసారి, నేను పోయాక మరోసారి. మాంసం వాటికి అరగదని, మేత ఎక్కువైతే చస్తాయని నాకు చెప్పినవాడే. నీళ్ళు మసకబారాయి. నాలుగు రోజులకు చేపలు మేత దగ్గరికి రావడం మానేశాయి. అర్బాబ్ పొట్ట ఉబ్బి, తల కిందికి వంచి, ఒక మూలకు చేరిపోయాడు.

ఇద్దరమూ మాట్లాడుకోకుండానే పనిలోకి దిగాము. మేత పూర్తిగా ఆపాము. రోజూ ఆయన గొట్టంతో అడుగు మురికి లాగితే నేను బకెట్లు మోసాను, బోరు నీళ్ళు తెచ్చి మెల్లగా పోశాను. అర్బాబ్‌ను చిన్న తొట్టిలోకి మార్చి మందుల దుకాణంలో దొరికే ఏదో ఉప్పు వేసి చూశాడు. కొన్ని కోలుకున్నాయి. అర్బాబ్ మాత్రం ఒక మధ్యాహ్నం పక్కకు ఒరిగి తేలాడు.

పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో గుంట తవ్వి, వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. చేతులకు మట్టి అంటుకుని ఉంది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తే పక్కన పెట్టాడు.

“ఆడ ఆ ఇంట్ల అందరు నా మీదికెల్లి చూసేటోళ్ళు,” అన్నాడు. “గోడను చూసినట్టు. బండి తియ్యి అంటె తీసుడు, ఆపు అంటె ఆపుడు. ఎండకాలం అందరు ఊళ్ళకు వోతే రెండు నెలలు గంత పెద్ద ఇంట్ల నేనొక్కన్నే. గవ్వి మాత్రం నేను దర్వాజ తీస్తే చాలు, ఉరికచ్చేటియి. నన్ను చూసి ఉరికచ్చింది ఆడ గవ్వే.”

ఆ చేపల్లో ఏం చూశావని ఇన్నేళ్ళుగా నేను అడగాలనుకుని అడగనిదానికి అది జవాబు. నాకు ఏడుపు రావలసింది, కాని ముందుగా వచ్చింది రోషమే.

“నువ్వచ్చినప్పుడల్ల జీపు సప్పుడు ఇని నేను గూడ ఉరికచ్చిన,” అన్నాను. “ఎన్నడన్న చూసినవా?”

ఆయన చేతుల మట్టి వైపు చూస్తూ కూర్చున్నాడు. “చూసిన,” అన్నాడు. “చూస్తే మళ్ళ ఎట్ల పోవాల్నని, చూడనట్టు జేసిన.”

చెంబు ఎత్తి ఆయన చేతుల మీద నీళ్ళు పోశాను.

ఆ నెలంతా మేత పని ఆయనకు వదిలేసి, నేను మిషను పని కూడా ఆపుకుని ముందుగదిలోకి రావడం తగ్గించాను. చేపలు ఆయనకు అలవాటు పడాలి కదా. మెల్లమెల్లగా పడ్డాయి కూడా. ఒక పొద్దున తలుపు సందులోంచి చూస్తే ఆయన వేలి వెంట పసుపుచేపలన్నీ అటూ ఇటూ తిరుగుతున్నాయి. సంతోషపడాల్సినదాన్ని, వంటింట్లోకి పోయి గిన్నె గట్టిగానే దించాను. అవి మమ్మల్ని కలిపాయని ఎవరైనా అంటే నేనిప్పటికీ ఒప్పుకోను. అవి బతికి ఉన్నంతకాలం ఒకరి మీద ఒకరం కుళ్ళుకుంటూనే పెంచాము వాటిని.

తరువాత ఏళ్ళలో ముసలివై ఒక్కొక్కటే పోయాయి. ఆయన కొత్తవి తేలేదు, నేను తెమ్మనలేదు. ఖాళీ తొట్టిని ఆడబిడ్డ వాళ్ళు తీసుకుపోయారు, అందులో ఇప్పుడు కోడిపిల్లలు పెరుగుతున్నాయి.

జగిత్యాలలో తిరుగు బస్సెక్కేసరికి నా చూపు కొంచెం తేటపడింది. మా అమ్మాయికి ముందు సీటు దొరికింది, నా పక్క సీట్లో ఒక పిల్ల కూర్చుంది, మా మనవరాలి కంటే కొంచెం పెద్దది. కోరుట్ల వచ్చేదాకా ఫోనులో భర్త ముఖం చూస్తూనే ఉంది. అతను ఎక్కడో దుబాయిలో, గదిలో మంచం మీద కూర్చుని గిన్నెలోని కూర ఫోను ముందుకు జరిపి చూపిస్తున్నాడు. ఉప్పు ఎక్కువైందట. పక్క మంచం వాడు గురక పెడుతున్నాడట. ఆమె నవ్వుతున్నది, కసురుకుంటున్నది, కిటికీలోంచి చేలు చూపిస్తున్నది. వాళ్ళకు దాచుకోవడానికి మాటలేమీ మిగలవేమో, ఎదురు చూడడమంటే ఏమిటో ఆ పిల్లకు మా అంత తెలియదేమో. కాని ఆమెకు తన మగడు ఇవాళ ఏం తిన్నాడో తెలుసు, అతని పక్క మంచం మీద ఎవరు పడుకుంటారో తెలుసు.

మా ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. డెబ్బై దగ్గర పడుతున్నాడు. భోజనం అయ్యాక పాలు లేని చాయలో నిమ్మకాయ పిండుకుని తాగుతాడు, తాగడం అయిపోగానే ఖలాస్ అని గ్లాసు బోర్లిస్తాడు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. అది ఆయనకు ఎవరు నేర్పారో, ఎవరి పక్కన కూర్చుని మొదటిసారి తాగాడో, ఆ రోజు ఏ మాటకు నవ్వుకున్నారో నాకు తెలియదు. ఒకటి రెండు సార్లు అడిగాను, గుర్తు లేదన్నాడు. చేపల మీది అసూయ చేపలతోనే పోయింది. నేను లేకుండా ఆయన షార్జాలో గడిపిన ఆ ఏళ్ళన్నీ ఆయనను నాకంటే బాగా ఎరిగి ఉన్నాయి కదా, వాటి మీది అసూయ మాత్రం ఈ వయసులో కూడా పోవడం లేదు.